ఎదగని మేష్టారు

లెక్కల పరీక్షలో ఇరవైకి ఇరవై మార్కులు తెచ్చుకున్నందుకు ప్రభుత్వం నా మీద చర్య తీసుకుంది. నవ్వకండి, నాకు కోపం వస్తుంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, విన్నాక మీ ఇష్టం.

నా పేరు వైకుంఠరావు. పొగడవలస ప్రాథమిక పాఠశాలకి హెడ్మాస్టర్ని నేనే, అసిస్టెంటుని నేనే, తాళం తీసేదీ గంట కొట్టేదీ నేనే. పిల్లలు పదకొండు మంది. ఊళ్ళో ఆడా మగా అందరూ జీడిపిక్కలు కొట్టే పనికి పోతారు కాబట్టి పొద్దున్నే పిల్లల్ని నా గుమ్మంలో దింపేసి వెళ్ళిపోతారు. బడి తెరిచి ఉంటే వాళ్ళకి నిశ్చింత. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాకు తెలిసిన ఉద్యోగ ధర్మం అంతే.

జూలైలో ఒకరోజు బడి కమిటీ చైర్మన్ అసిరమ్మ వచ్చి వరండాలో చతికిలబడింది. ఆవిడ మనవరాలు జస్మిత మా ఐదో తరగతిలోనే ఉంది.

"మేష్టారూ, మా గుంటలకి బాగారం రావట్లేదంట. హైవే కాడ కాన్వెంటోడు ఆటో అంపుతానంటన్నాడు. దసరా నాటికి మీరు నేర్పేస్తే సరే. నేకపోతే అందరం గుంటల్ని అటే అంపేస్తాం. మీ మీద కోపం కాదు. ఆళ్ళ బతుకు కదా."

పిల్లలు పోతే బడి మూసేస్తారు. బడి మూసేస్తే ఆ కాన్వెంటు ఫీజు కట్టడానికి ఊరంతా ఇంకో పూట పిక్కలు కొట్టాలి. ఇదంతా నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

"దసరా దాకా ఎందుకమ్మా? భాగహారం ఏమైనా బ్రహ్మవిద్యా? నెల తిరక్కుండా నేర్పేస్తాను" అన్నాను.

మర్నాడు సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద గీత గీశానో లేదో ఫోన్ మోగింది. అర్జంటుగా మండల కేంద్రానికి రమ్మన్నారు. 'అవిరామ అభ్యున్నతి' అనే కొత్త కార్యక్రమం మొదలైందట. ఉపాధ్యాయుడు జీవితాంతం నేర్చుకుంటూనే ఉండాలని దాని సారాంశం. మంచి మాటే, ఎవరు కాదంటారు? కానీ మా శాఖకి ఒక మంచి మాట దొరికితే దానికి బ్యానరు కట్టి, యాప్ తయారుచేసి, టీ సమోసాలకి టెండరు పిలిచేదాకా నిద్రపట్టదు. ఇంతకీ శిక్షణ దేని మీదంటే, పిల్లలకు భాగహారం నేర్పడం ఎలా అన్న దాని మీద. భాగహారం నేర్చుకోవాల్సిన పిల్లల్ని ఇంటికి పంపేసి, బడికి తాళం వేసి, భాగహారం నేర్పడం నేర్చుకోవడానికి వెళ్ళాను.

వెళ్ళగానే ముందస్తు పరీక్ష పెట్టారు. ప్రశ్నలు చూస్తే ప్రాణం లేచొచ్చింది, అన్నీ నాకు వచ్చినవే. చకచకా రాసేస్తున్నాను. పక్కన తవిటినాయుడు మేష్టారు నా కాగితంలోకి తొంగిచూసి నెత్తి కొట్టుకున్నాడు. నాకంటే సీనియరు, శిక్షణల్లో ఆరితేరిన మనిషి.

"ఏటి వైకుంఠం, అన్నీ కరట్టుగా రాసేస్తన్నావేటి? మతుండే రాస్తన్నావా?"

"తెలిసినవి రాయొద్దా?"

"ఓరి నీ తెలివి తగలెయ్యా! ఇది ముందు పరీచ్చరా. ముందు పరీచ్చలోనే నీకన్నీ వచ్చేస్తే, ఎనక పరీచ్చ నాటికి ఆళ్ళు నీకేటి నేర్పినట్టు? మనం ఖాళీగా రావాల. ఆళ్ళు నింపాల. నా కాయితం చూడు."

చూశాను. పన్నెండుని నాలుగుతో భాగిస్తే నలభై ఎనిమిదని రాశాడు. దాని కింద ఆయన సంతకం కూడా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "లెక్కల మేష్టార్ని. తప్పని తెలిసి తప్పు రాయలేను" అని నా కాగితం ఇచ్చేసి కూర్చున్నాను.

తర్వాత శిక్షణ. మమ్మల్ని కూరగాయల పేర్లతో గ్రూపులు చేశారు. నేను బెండకాయ. తవిటినాయుడు గుమ్మడికాయ. వాన చప్పట్లు, రైలు చప్పట్లు, పకోడీ చప్పట్లు నేర్పారు. పకోడీ చప్పట్లంటే రెండు చేతులూ నూనెలో వేయిస్తున్నట్టు తిప్పి, చివర్లో "కరకర" అనాలి. రిటైరవడానికి దగ్గరపడిన మేష్టర్లు కూడా కరకరమన్నారు. చార్టుల మీద స్కెచ్ పెన్నులతో 'మా అంచనాలు' అని రాసి గోడలకి అంటించాం. భాగహారం మాట వచ్చేసరికి భోజనాల వేళయ్యేది. చివరిరోజు మళ్ళీ అవే ప్రశ్నలతో ముగింపు పరీక్ష పెట్టారు. మళ్ళీ ఇరవైకి ఇరవై.

ఫలితాలు ప్రకటించడానికి మండల విద్యాశాఖాధికారి గంగాధర పట్నాయక్ గారు స్వయంగా వేదిక ఎక్కారు. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగినా ఉత్తర్వు జారీ చేసినట్టే అడుగుతారని వినికిడి.

"శ్రీ తవిటినాయుడుగారు రెండు మార్కుల అజ్ఞాన దశ నుండి పంతొమ్మిది మార్కుల విజ్ఞాన దశకు ఆరోహణ గావించియున్నారు. ఈ మహత్తర వృద్ధికి గాను వారిని శాలువాతో సత్కరించడమైనది."

తవిటినాయుడు శాలువా కప్పించుకుని, నాకేసి చూసి కన్ను గీటాడు.

"శ్రీ వైకుంఠరావు. ముందు ఇరవై. పిదప ఇరవై. వృద్ధి శూన్యం." పట్నాయక్ గారు కళ్ళజోడు తీసి నన్ను ఆపాదమస్తకం చూశారు. "మీపై వెచ్చించబడిన ప్రజాధనాన్ని మీరు ఏ విధంగానూ స్వీకరించియుండలేదు. ఇందుకు మీ సంజాయిషీ ఏమి?"

"సార్, నాకు ముందే వచ్చండీ."

"వచ్చుట అనునది ఈ కార్యక్రమ పరిధిలోనికి రాదు. ఎదిగితిరా లేదా అనునదే ప్రధానాంశం."

"ఇరవై మార్కుల పరీక్షలో ఇరవై దాటి ఎలా ఎదగమంటారండీ?"

"అది మీ వ్యక్తిగత సమస్య" అన్నారాయన. హాల్లో అందరూ పకోడీ చప్పట్లు కొట్టారు.

నన్ను రెండో విడతకి వేశారు. ఊరికి వెళ్ళి బడి తెరిచి మళ్ళీ బోర్డు మీద గీత గీశానో లేదో ఇంకో పిలుపు. తాళం వేస్తుంటే అసిరమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"మళ్ళీ ఎక్కడికి?"

"శిక్షణకమ్మా. భాగహారం ఎలా నేర్పాలో నేర్పుతారు."

"మీకు రాదేటి?"

"వచ్చు. వచ్చనే పిలుస్తున్నారు."

ఆవిడ నన్ను జాలిగా చూసింది. ఎండ దెబ్బ తగిలిందనుకున్నట్టుంది. జస్మిత మాత్రం పలక పట్టుకుని బస్టాపు దాకా నా వెనకాలే వచ్చి, "సార్, గీత గీసి ఒగ్గేసినారు కదా, ఆ మీదట ఏటి సెయ్యాల?" అని అడిగింది. బస్సెక్కాక నిర్ణయానికి వచ్చేశాను. నా పరువు ఏట్లో పడనీ, పిల్లలే ముఖ్యం. ఈసారి ముందు పరీక్షలో అన్నీ తప్పులే రాసి, ముగింపులో సరిగ్గా రాసి, ఎదిగిపోయి, తిన్నగా బడికి పోవాలి.

ప్రశ్నపత్రం తీసుకున్నాను. పన్నెండు బై నాలుగు. తప్పు రాద్దామని పెన్ను పెట్టబోతుంటే శిక్షకురాలు సుగుణావతి మేడమ్ పరుగున వచ్చి కాగితం లాగేసుకుంది.

"మేష్టారూ, మీకు దణ్ణం పెడతాను, తప్పు రాయకండి! పోయిన విడతలో మీకు ఇరవై వచ్చాయి. ఇప్పుడు సున్నా వస్తే, మా శిక్షణ వల్ల మీరు చెడిపోయారని రిపోర్టు పోతుంది. నాకు మెమో ఇస్తారు. పిల్లలున్నదాన్ని."

"సరిగ్గా రాస్తే ఎదగలేదంటారు. తప్పు రాస్తే మీకు మెమో. మరి నన్నేం చెయ్యమంటారు తల్లీ?"

"ఏదో ఒకటి చేసి ఎదగండి సార్" అని ఆవిడ కళ్ళొత్తుకుంది. ఆడకూతురు ఏడిస్తే నేనేం చెయ్యను? సరిగ్గానే రాశాను. ఇరవై, ఇరవై, శూన్యం.

దాంతో నా కేసు జిల్లాకి పోయింది. జిల్లా నుంచి రాష్ట్రానికి పోయింది. ఒక కమిటీ కూర్చుని, భోజనం చేసి, తీర్మానం చేసింది. ఫలితంగా మండల కేంద్రంలో ఒక ఏసీ ఫంక్షన్ హాలు అద్దెకి తీసుకుని 'వృద్ధిరహిత ఉపాధ్యాయుల ప్రత్యేక పునరుజ్జీవన కేంద్రం' అని గేటుకి బ్యానరు కట్టారు. జిల్లా మొత్తం మీద వృద్ధిరహిత ఉపాధ్యాయుణ్ణి నేనొక్కణ్ణే. నాకు నలుగురు శిక్షకులు, వాళ్ళ మీద ఒక సమన్వయకర్త, ప్రొజెక్టరు, ప్రొజెక్టరు నొక్కడానికి ఒక మనిషి, సమోసాలకి ఒక కాంట్రాక్టరు. కుర్చీలు మాత్రం రూలు ప్రకారం నలభై వేశారు.

నియమావళి నలభై మందికి తయారైంది. ఒక్కడికని మార్చడానికి వీల్లేదట. అందుకని నన్ను ఒక్కణ్ణే ఐదు గ్రూపులుగా విడదీశారు. బెండకాయ కుర్చీలో కూర్చుని చర్చించుకుని, లేచి వంకాయ కుర్చీలోకి వెళ్ళి దానితో విభేదించేవాణ్ణి. పక్కవారి చెయ్యి పట్టుకోమంటే నా చెయ్యి నేనే పట్టుకున్నాను. 'పక్కవారిలో మీకు నచ్చిన గుణం చెప్పండి' అన్నారు. ఓపిక అని చెప్పాను. గ్రూప్ ఫోటోలో కూడా నేనొక్కణ్ణే నిలబడితే, ఫోటోగ్రాఫర్ "కొంచెం దగ్గరికి జరగండి సార్" అన్నాడు.

దసరా దగ్గరపడింది. ఒక పొద్దున్న గేటు దగ్గర గలాటా వినబడింది. అసిరమ్మ! వెనకాల పదకొండు మంది పిల్లలు, పలకలతో, సంచులతో సహా. వాచ్‌మన్‌ని పక్కకి తోసి తిన్నగా హాల్లోకి వచ్చేసింది. లోపల పట్నాయక్ గారు ఖాళీ కుర్చీలకేసి చూస్తూ చెమటలు కక్కుతున్నారు. ఆ వారం చివర రాష్ట్ర కార్యాలయం నుంచి జాయింట్ డైరెక్టరు తనిఖీకి వస్తున్నాడు.

"ఎవరమ్మా మీరు? ఇది శిక్షణా ప్రాంగణం. అన్యులకు ప్రవేశం నిషిద్ధం."

"బాబూ, మా మేష్టారు ఈడ ఉన్నారు కదా. మేష్టారు ఏడుంటే బడి ఆడే. కూకోండి గుంటల్లారా!" పిల్లలు కుర్చీలెక్కి కూర్చున్నారు. కాళ్ళు నేలకి అందక ఊపుతున్నారు. అసిరమ్మ ఏసీ కేసి, ప్రొజెక్టరు కేసి, సమోసాల బుట్ట కేసి చూసింది. "ఇదంతా మా మేష్టారొక్కడికా? ఏటి బాబూ, ఈ డబ్బులెట్టి మా ఊరికి ఇంకో మేష్టర్ని ఏస్తే పోదా?"

"అది వేరే పద్దు" అన్నారు పట్నాయక్ గారు గంభీరంగా. "శిక్షణ పద్దు నుండి శిక్షణకు మాత్రమే వెచ్చించవలెను. చదువుకు వెచ్చించుట నిధుల దుర్వినియోగం కిందికి వచ్చును."

అంటూనే ఆయన చూపు కుర్చీల మీద ఆగింది. నిండిన కుర్చీలు. ఒకటి కాదు, వరసగా. ఆయన ముఖం వికసించింది. "అయినను, పాల్గొనదలచినవారిని వయసు కారణంగా నిరాకరించరాదు. పేర్లు నమోదు చేయుడు!"

రూలు ప్రకారం పిల్లలకి ముందస్తు పరీక్ష పెట్టారు. ఒక్కడికీ భాగహారం రాదు కదా, అందరికీ సున్నాలే వచ్చాయి. పట్నాయక్ గారు కాగితాలు గుండెలకి హత్తుకున్నారు. "పదకొండు సున్నాలు! ఇంతటి స్వచ్ఛమైన ఖాళీని నా సర్వీసులో చూచియుండలేదు. మన ఉపాధ్యాయులు ఎంత ప్రయత్నించినా ఒకటో రెండో మార్కులు వచ్చేస్తాయి!"

ఆ తర్వాత శిక్షకులు నలుగురూ చల్లగాలి తగిలే మూల చూసుకుని ఫోన్లలో పడ్డారు. నేను చార్టు వెనకవైపు తిప్పి గోడకి అంటించి, గీత గీసి మొదలుపెట్టాను. ఎన్నాళ్ళకి! జీడిపిక్కలు పంచి, సమోసాలు పంచి, మిగిలినవాటిని శేషం అన్నాను. శేషం సమోసా ఎవరిదని తగువొస్తే అది మేష్టారిదని నేనే సర్దిచెప్పాను. కడుపు నిండా పాఠం చెప్పాను. వారం తిరిగేసరికి ముగింపు పరీక్షలో ఎవరికీ పదహారుకి తగ్గలేదు. జస్మితకి ఇరవై.

జాయింట్ డైరెక్టరు వచ్చి లెక్కలు చూసి నిర్ఘాంతపోయాడు. సున్నా నుంచి ఇరవై! శిక్షణల చరిత్రలో లేదట. హాలంతా కలయజూసి, "ఈ ఉపాధ్యాయులు కొంచెం చిన్నగా ఉన్నారేమిటి?" అని అడిగాడు.

"కొత్త బ్యాచ్ సార్" అన్నారు పట్నాయక్ గారు.

"వెరీ గుడ్. యువరక్తం రావాలి" అని సంతకం పెట్టేశాడు.

అత్యధిక వృద్ధి సాధించినవారిని శిక్షకులుగా నియమించాలని రూలుంది. పదకొండు మందినీ నియమించారు. శిక్షకులన్నాక ఎవరికో ఒకరికి శిక్షణ ఇవ్వాలి కదా. జిల్లాలో ఇంకా ఎదగకుండా మిగిలిపోయిన మనిషి ఒక్కడే. కాబట్టి నా పిల్లలు పదకొండు మందీ నాకు శిక్షణ ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. వాళ్ళని పొగడవలస నుంచి తేవడానికి వ్యాను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సమోసా మంజూరయ్యాయి. ఊళ్ళో బడి భవనం ఎలాగూ ఖాళీ అని అందులో బ్యానర్లు, చార్టులు నింపి సీలు వేశారు.

అసిరమ్మ కాన్వెంటు మాట ఎత్తడం మానేసింది. "ఆ కాన్వెంటోడు ఫీజు అడుగుతాడు. ఈళ్ళయితే బండెట్టి, కూడెట్టి, మేష్టర్ని ఎదరగా కూకోబెడతన్నారు. ఇంతకన్నా మంచి బడి ఏడుంటాది?" అని ఊరంతా చెప్పుకుంది. నిజమే. పేరుకి వాళ్ళు నాకు శిక్షణ ఇస్తున్నారు. కాగితం మీద ఎవరు ఎవరికి చెబుతున్నారన్నది ఎవడిక్కావాలి? తలుపు వేస్తే అది మా బడే.

నేను పట్నాయక్ గారిని ఒకసారి మెల్లగా అడిగాను. "ఈ కేంద్రం ఎన్నాళ్ళుంటుందండీ?"

"మీరు ఎదిగే వరకు. మీరు ఒక్క మార్కు ఎదిగిన మరుక్షణం కేంద్రం మూసివేయబడును. మీరు వేరొక మండలమునకు పంపబడుదురు."

"పిల్లలు?"

"అది వేరే పద్దు."

పైగా ఆయన నా మీద జాలిపడి ఒక ఉపకారం చేశారు. ఇరవై దాటి ఎదగలేకపోతున్నానని, ప్రశ్నపత్రం చివర ఇరవై ఒకటో ప్రశ్న చేర్పించారు. 'ఈ శిక్షణలో మీకు ముందు తెలియని విషయం ఏదైనా నేర్చుకున్నారా? అవును / లేదు.' అవును అంటే ఒక మార్కు. ప్రతి శనివారం పరీక్ష. ప్రతి శనివారం నేను 'లేదు' దగ్గర టిక్కు పెడుతున్నాను. అందులో కష్టమేమీ లేదు, అది పచ్చి నిజం. సత్యమూ సౌకర్యమూ ఒకేచోట దొరకడం మా శాఖలో అరుదు కాబట్టి ఆ టిక్కు కొంచెం దర్జాగానే పెట్టేవాణ్ణి.

మొన్న శుక్రవారం ఆరువందల పన్నెండుని ఆరుతో భాగించమన్నాను. పిల్లలు చాలామంది పన్నెండని రాశారు. నూట రెండు రావాలి. మధ్యలో సున్నా పెట్టడం ఎగ్గొడతారు. ఎన్నేళ్ళు చెప్పినా, ఎంతమందికి చెప్పినా ఇదే తప్పు. "సున్నా పెట్టాలర్రా, అది రూలు!" అని ఎప్పట్లాగే అరిచాను. ఒకడు బిక్కమొహం వేసి, "ఎందుకెట్టాల సార్?" అన్నాడు. "రూలన్నానా!" అన్నాను.

జస్మిత లేచి చార్టు దగ్గరికి వచ్చింది. ఎంతైనా శిక్షకురాలు.

"ఒరే, బస్సులో సీట్లనుకో. వందల సీట్లో ఒకడు కూకున్నాడు. పదుల సీట్లోకి ఎవులూ రాలేదు. అప్పుడేటి సేస్తాం? సీటు ఆపడానికి తువ్వాలు ఎయ్యమా? ఈ సున్నా ఆ తువ్వాలు. అది ఎయ్యకపోతే వందల సీటోడు జారిపోయి పదుల సీట్లో కూకుండిపోతాడు. నూట రెండు కాస్తా పన్నెండైపోతాది."

హాల్లో పిల్లలందరూ "ఓ..." అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఆ సున్నాని నేను కోపంతో పెట్టిస్తున్నాను. ఎందుకు పెట్టాలో ఒక్క పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పలేదు, నిజం చెప్పాలంటే నాకే అంత తేటగా ఎప్పుడూ కనబడలేదు. ఆ పిల్లని ఎత్తుకుని ఊరేగించాలనిపించింది. అంత ఖర్చు పెట్టి, అన్ని చప్పట్లు కొట్టించి, చివరికి ప్రభుత్వం నాకు ఒక ముక్క నేర్పింది.

మర్నాడు శనివారం. పరీక్ష. జస్మిత కాగితాలు పంచి నా పక్కనే నిలబడింది. పట్నాయక్ గారు తలుపు దగ్గర కుర్చీలో ఉన్నారు. ఇరవై ప్రశ్నలూ రాశాను. ఇరవై ఒకటో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. పిల్ల తొంగి చూస్తోంది, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఈసారి నేను 'అవును' పెడతానని దాని ధీమా.

'లేదు' దగ్గర టిక్కు పెట్టాను.

ఆ నవ్వు ఆరిపోయింది. కాగితం అందుకుని ఆ టిక్కు మీద వేలు పెట్టింది.

"తువ్వాలు సంగతి మీకు ముందే తెలుసా సార్?"

పట్నాయక్ గారు తలెత్తి చూశారు. వెనకాల పది మంది పిల్లలు సమోసా కోసం చూస్తున్నారు.

"తెలుసమ్మా" అన్నాను.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక పిల్లకి తెలిసి తెలిసి నేను చెప్పిన తప్పు జవాబు అదొక్కటే.